కాలం మారితే కొండదారీ మారుతుంది: తిరుమల నడక వేళలపై ఒక విన్నపం

సంపాదక మహోదయులకు నమస్కారాలు.

అలిపిరి మెట్ల మీదుగా తిరుమల ఎక్కి, దర్శనం చేసుకుని, శ్రీవారి మెట్టు దారిన దిగి, శ్రీనివాసమంగాపురం మీదుగా బస్సులోనో ఆటోలోనో మళ్లీ అలిపిరికి చేరుకోవడం తిరుపతిలో నడక అలవాటున్న కుటుంబాలకు కొత్త విషయం కాదు. ఎక్కే దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. దిగే దారి 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది మరీ కష్టమైన నడక కాదు, అలాగని తేలికైనదీ కాదు. ఏళ్ల తరబడి అన్ని కాలాల్లోనూ ఈ చుట్టు తిరుగుతూ, తోటి నడక భక్తులతో మాట్లాడుతూ గమనించిన విషయాలను మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, దారి బాగోగులు చూసే అధికారుల ముందు ఉంచదలిచాను. నేను కోరేది ప్రధానంగా ఒక్కటే: ఈ దారికి పెట్టే వేళలు, ఆంక్షలు, సూచనలు ఏడాది పొడవునా ఒకేలా ఉండకుండా కాలాన్ని బట్టి మారాలి.

ముందుగా ఎండాకాలం సంగతి చెబుతాను, ఎందుకంటే బడులకు సెలవులిచ్చే ఆ రోజుల్లోనే కుటుంబాలు పిల్లాపాపలతో ఎక్కువగా నడక మొక్కు తీర్చుకోవడానికి వస్తాయి. తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు అప్పుడు తరచుగా ఉంటాయి. శేషాచలం అడవి ఆకురాల్చే అడవి. ఎర్రచందనంతో సహా చాలా చెట్లు అప్పటికే మోడువారి ఉంటాయి కాబట్టి, వర్షాకాలంలో చల్లగా అనిపించిన లోయ నుంచే వేడిగాలి పైకి కొడుతుంది. మెట్ల మీద చాలామేరకు పైకప్పు ఉన్నమాట నిజమే, అది నేరుగా పడే ఎండను ఆపుతుంది కానీ రాతి నుంచి వచ్చే కాకను ఆపలేదు. అలిపిరి నుంచి గాలిగోపురం వరకు దారి నిటారుగా ఉంటుంది. అసలు శ్రమంతా అక్కడే. ఉదయం తొమ్మిది దాటాక ఆ మెట్ల మీద కూలబడి, చీర కొంగుతో విసురుకుంటూ, ఇక ఎక్కలేము, దిగనూ లేము అన్నట్టు చూసే పెద్దవాళ్లను ఏ మే నెలలో వెళ్లినా చూడవచ్చు. గాలిగోపురం దాటాక దారి చాలాదూరం దాదాపు చదునుగా సాగుతుంది. కష్టం గడిచిందనుకుని నీళ్లు పొదుపు చేయడం మానేసిన వేళకు మోకాళ్ల పర్వతం అనే నిటారు మెట్ల భాగం ఎదురవుతుంది. పసివాడైన అన్నమయ్య ఆకలితో, అలసటతో సొమ్మసిల్లింది ఇక్కడేనని, అలమేలుమంగమ్మ వచ్చి సేదతీర్చిందని మన పెద్దలు చెప్పుకునే చోటు అది. ఈనాటికీ నడకదారిలో మనుషులు తలతిరిగి కూర్చుండిపోయే చోట్లలో అదొకటి.

అందువల్ల ఎండాకాలంలో సహజంగానే అందరూ చల్లటి వేళలను వెతుక్కుంటారు. కొందరు తెల్లవారుజామున చీకటితోనే బయలుదేరితే, ఇంకొందరు పొద్దు వాలాక మొదలుపెట్టి రాత్రికి కొండ చేరదామనుకుంటారు. చిక్కంతా ఇక్కడే వస్తోంది. ఇది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం మధ్య నుంచి పోయే దారి. చిరుతపులి తిరిగే వేళలూ అవే. 2023 జూన్‌లో ఒక చిన్న బాలుడిపై చిరుత దాడి చేసిన ఘటన, అదే ఏడాది ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణాలు పోయిన ఘటన ఈ దారిలోనే, పగటి వెలుగు లేని వేళల్లోనే జరిగాయి. ఆ తల్లిదండ్రుల దుఃఖం తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆ తర్వాత పిల్లలతో వచ్చేవారిని మధ్యాహ్నం 2 గంటల తర్వాత అలిపిరి దారిలోకి పంపకూడదని ఆంక్ష పెట్టారు, భక్తులకు చేతికర్రలిచ్చారు, గుంపులుగా పంపారు, బోనులు పెట్టి చిరుతలను పట్టుకున్నారు. ఆ చర్యలన్నీ అవసరమైనవే. అయితే ఆ 2 గంటల ఆంక్షను కాలంతో కలిపి చూడండి. మే నెలలో 2 గంటలకు ముందు నడవమంటే నడినెత్తిన ఎండలో పిల్లలను నడిపించమన్నట్టు అర్థం చేసుకునేవాళ్లున్నారు. డిసెంబరులో సరిగ్గా 2 గంటలకు ముందు గేటు దాటిన కుటుంబం పిల్లలతో నాలుగు గంటలు నడిచేసరికి పొద్దు గుంకిపోతుంది. చివరి భాగం మసక చీకట్లో నడవాల్సి వస్తుంది. ఒకే గడియారపు వేళ ఒక కాలంలో ఎండదెబ్బకు, ఇంకో కాలంలో చీకటికి దారితీస్తోందన్నమాట.

దీనికి నడకదారి బాగా తెలిసినవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. ఎండాకాలంలో బాగా వెలుతురు వచ్చాక, అంటే ఆరు గంటల ప్రాంతంలో అలిపిరిలో మొదలుపెడితే ఎండ ముదరకముందే గాలిగోపురం చేరవచ్చు. నిటారు భాగం చల్లటి పూటలో అయిపోతుంది. పిల్లలున్న కుటుంబాలకు ఆ కాలంలో ఆరు నుంచి ఎనిమిది గంటల మధ్య ప్రత్యేకంగా ప్రోత్సాహమిచ్చి, దర్శనం టోకెన్ల విషయంలో కొంత వెసులుబాటు కల్పిస్తే, వాళ్లంతట వాళ్లే చీకటి వేళలను వదులుకుంటారు. చలికాలంలో మాత్రం ఆ మధ్యాహ్నపు గడువును ఇంకా ముందుకు, పన్నెండు గంటలకు జరపడం మేలు.

ఇంకొక మాట. ఎండాకాలంలో లోయల్లో చెలమలు ఎండిపోయి జంతువులు నీళ్లున్న చోటికి చేరతాయి. దారి పక్కన పారేసే తినుబండారాలు జింకలను, అడవిపందులను, కుక్కలను మెట్ల దగ్గరికి రప్పిస్తే, వాటిని వేటాడే జంతువు వాటి వెనకే వస్తుంది. జింకకు బిస్కెట్ పెట్టి ఫోటో తీసుకునే తల్లిదండ్రులు తమ బిడ్డ నడిచే దారికి ఏం పిలుస్తున్నారో ఒక్క క్షణం ఆలోచించాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను. దారిలో కర్పూరం వెలిగించేవారికీ ఇదే విన్నపం. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడినప్పుడు మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఎండుగడ్డి మోకాలెత్తున్న కాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక వానల విషయం. మనకు అసలు వానలు నైరుతిలో కంటే ఈశాన్య రుతుపవనాలలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయన్నది ఇతర జిల్లాల నుంచి, ముఖ్యంగా తెలంగాణ నుంచి వచ్చే భక్తులలో చాలామందికి తెలియదు. వాళ్ల ఊళ్లో దసరా నాటికి వానాకాలం ముగిసినట్టే కాబట్టి, కార్తీకమాసంలో నిశ్చింతగా బయలుదేరి వస్తారు. ఇక్కడ అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడుతుంటాయి. ఆ రోజుల్లో కొండ అందం చెప్పనలవి కాదు. కపిలతీర్థం దగ్గర జలపాతం దూకుతుంది, మాల్వాడిగుండం పరవళ్లు తొక్కుతుంది, మబ్బులు మెట్ల మీదికే దిగివస్తాయి. అంత అందమైన రోజులే కొండ మీద ఎక్కువ ప్రమాదమైన రోజులు కూడా. 2021 నవంబరు వరదల్లో శ్రీవారి మెట్టు దారి దారుణంగా దెబ్బతిని, మెట్లు కొట్టుకుపోయి, 2022 మే వరకు భక్తులకు అందుబాటులో లేకుండా పోయింది. ఆ డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడ్డాయి.

ఈ కొండ స్వభావమే అటువంటిది. కింద అతి పురాతనమైన గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ శిల, ఆ రెంటి మధ్య కోట్ల సంవత్సరాల అంతరం. ఘాట్ రోడ్డు పక్కన స్పష్టంగా కనిపించే ఆ సంధిని భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. పైనున్న రాతిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి. ఆ పగుళ్లలోకి రోజుల తరబడి నీరు దిగినప్పుడు బండలు పట్టు సడలుతాయి. అందుకే వాన వెలిసి ఎండ కాసిన మర్నాడు కూడా రాళ్లు దొర్లవచ్చు. వాన తగ్గింది కదా అని తెరిపి ఇచ్చిన వెంటనే బయలుదేరడం సరికాదు, దారి తెరవడమూ సరికాదు. సిబ్బంది ఒకసారి అంతా నడిచి చూసి, పరవాలేదన్నాకే భక్తులను పంపాలి.

వానలో మెట్ల మీద జారిపడడం గురించి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే తరచుగా జరిగేది, అన్నిటికంటే తేలికగా ఆపగలిగేది అదే. మొక్కున్న మహిళలు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కడం మన సంప్రదాయం, దాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. కానీ తడిసిన రాతి మీద పసుపు ముద్ద పరుచుకుంటే వట్టి పాదం నిలవదు. పైకప్పు లేనిచోట్లే కాదు, పక్కల నుంచి జల్లు కొట్టినప్పుడు కప్పు కింద కూడా ఇదే పరిస్థితి. ఎక్కేవారికి అంతగా తెలియదు గానీ శ్రీవారి మెట్టున దిగేవారికి అది నరకం. 2.1 కిలోమీటర్లలోనే అంత ఎత్తు దిగాలి కాబట్టి ప్రతి అడుగులో బరువంతా మోకాలి మీదా ముందుపాదం మీదా పడుతుంది. వానపడే రోజుల్లో మొదటి మెట్టుకు, గాలిగోపురం వద్ద, చివరి మెట్టుకు మాత్రమే పసుపు కుంకుమ పెట్టి, మిగతావాటికి చేత్తో తాకి నమస్కరించుకోమని అర్చకులు, భజన మండళ్ల పెద్దలు చెబితే భక్తులు తప్పక వింటారు. అధికారుల ఉత్తర్వు కంటే పెద్దల మాటే ఇక్కడ పనిచేస్తుందని నా నమ్మకం.

మోకాళ్ల నొప్పులున్నవారు ఏ కాలంలోనైనా శ్రీవారి మెట్టున ఎక్కవచ్చేమో గానీ, దిగకపోవడమే మంచిది. దిగడానికి బస్సు ఉంది. గుండె జబ్బు, ఆస్తమా వంటివి ఉన్నవారు నడక మానుకోవాలని దేవస్థానమే 2024లో సూచించింది. ఆ సూచనను తేలికగా తీసుకోవద్దు.

చలికాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నడకకు అంతకంటే మంచి కాలం లేదు. ధనుర్మాసంలో కొండపైన పొగమంచు, చలిగాలి ఉంటాయన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. కింద చెమటలు కక్కుతూ ఎక్కినవారు పైన తడిసిన బట్టలతో గంటల తరబడి క్యూలో నిలబడి జ్వరం తెచ్చుకోవడం మామూలైపోయింది.

అన్ని కాలాలకూ వర్తించే ఒక చిన్న విషయం ఉంది, దాన్ని గురించి ఎవరూ చెప్పరు. అలిపిరి కౌంటర్లో సామాను అప్పగిస్తే ఉచితంగా కొండపైకి చేరుస్తారు. ఇది ఎంతో మంచి సౌకర్యం. అయితే చాలామంది ఆ సంచిలోనే మందులు, స్వెటరు, పిల్లల పాలసీసా, ఉప్పూ చక్కెర కలిపే పొట్లం అన్నీ పెట్టి పంపించేస్తారు. షుగరు మాత్ర వేసుకోవాల్సిన మనిషి నడిమెట్ల మీద ఉంటే, మాత్ర లారీలో వెళుతుంటుంది. భుజానికి తగిలించుకునే చిన్న గుడ్డసంచిలో మందులు, రెండు బెల్లం ముక్కలు, స్టీలు సీసాలో నీళ్లు తప్పక వెంట ఉంచుకోవాలి. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలపై నిషేధం ఉంది కాబట్టి కొందరు గాజు సీసాలు పట్టుకుని నడుస్తున్నారు. అందరూ వట్టి కాళ్లతో నడిచే దారిలో అది పగిలితే ఎంతమంది పాదాలు తెగుతాయో వేరే చెప్పక్కరలేదు.

చివరిగా అధికారులకు నా మనవి. అలిపిరి పాదాల మండపం దగ్గర, శ్రీవారి మెట్టు మొదట్లో, రైల్వే స్టేషన్, బస్టాండ్ల వద్ద తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో పెద్ద బోర్డులు పెట్టి, ఆ రోజు ఎండ ఎంత, వాన సూచన ఏమిటి, ఏ దారి తెరిచి ఉంది, పిల్లలతో ఏ వేళ వరకు బయలుదేరవచ్చు, ముందురోజు జంతువుల సంచారం ఎక్కడ కనిపించింది అన్న వివరాలను రోజూ పొద్దున్నే మార్చి రాయించండి. తమిళుల పురట్టాసి మాసపు శనివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి వేలాదిగా వచ్చే నడక భక్తులకు ఇది ఎంతో ఉపయోగపడుతుంది. శ్రీవారి మెట్టు మూసి ఉందన్న సంగతి శ్రీనివాసమంగాపురం దాటి అక్కడికి వెళ్లాక గానీ తెలియకపోవడం వల్ల, ముసలివాళ్లతో వచ్చిన కుటుంబాలు వానలో వెనుదిరగాల్సి వస్తోంది. ఈ ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోపు కనీసం ఆ ఒక్క సమాచారమైనా తిరుపతి బస్టాండులోనే తెలిసే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నడక భక్తుడు,
తిరుపతి.