ఒకే మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ రెండూ ఉన్నవాళ్లకు

అందరికీ నమస్కారం. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ రెండూ మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌లే. సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ స్టార్ట్ కాక, లాగ్‌లో 'అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్' అని వస్తుంటే టెన్షన్ పడకండి. మెయిల్ అందుకునే 25వ పోర్ట్‌ను ఇంకో మెయిల్ సర్వర్, చాలాసార్లు ఎగ్జిమ్, ముందే పట్టుకుని ఉంటుంది. రూట్‌గా 'ఎస్‌ఎస్' కమాండ్‌కి ఎల్, టీ, ఎన్, పీ ఆప్షన్లు ఇచ్చి చూస్తే ఎవరు పట్టుకున్నారో పేరుతో సహా కనబడుతుంది.

దయచేసి వెంటనే ఒకదాన్ని తీసేయకండి! ముందు దాని క్యూ (ఇంకా పంపాల్సిన మెయిళ్ల వరుస) చూడండి. అందులో ఎవరి ఇన్‌వాయిసో, ఓటీపీయో ఆగిపోయి ఉండొచ్చు. అవి వెళ్లాకే సర్వీస్ ఆపి, డిసేబుల్ చేయండి.

చాలామంది వదిలేసేది సెండ్‌మెయిల్ ఫైల్. క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపేది), పీహెచ్‌పీ (వెబ్‌సైట్ల ప్రోగ్రామింగ్ భాష) సాధారణంగా పోర్ట్ జోలికి పోవు, నేరుగా ఆ ప్రోగ్రామ్‌నే పిలుస్తాయి. అది ఇంకా ఆపేసిన పోస్ట్‌ఫిక్స్‌దే అయితే మెయిళ్లు ఎర్రర్ లేకుండా మెయిల్‌డ్రాప్ ఫోల్డర్‌లో పేరుకుపోతాయి, బయటికి మాత్రం పోవు. రెడ్‌హ్యాట్, ఆల్మా వాడేవాళ్లు 'ఆల్టర్నేటివ్స్' కమాండ్‌తో ఎంటీఏ (వాడే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్) మార్చుకోవాలి. డెబియన్‌లో ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ టూల్‌తో పెడితే ఒకటి వస్తే రెండోది పోతుంది కాబట్టి, అక్కడ గొడవ ఎక్కువగా సోర్స్ నుంచి కంపైల్ చేసినప్పుడో, డాకర్ కంటైనర్ల వల్లో వస్తుంది.

రెండూ తప్పనిసరి అయితే చెరో ఐపీ ఇవ్వండి: పోస్ట్‌ఫిక్స్‌కి ఇనెట్ ఇంటర్‌ఫేసెస్, ఎగ్జిమ్‌కి లోకల్ ఇంటర్‌ఫేసెస్ అనే సెట్టింగ్‌లో. ఇది మార్చాక పోస్ట్‌ఫిక్స్‌కి రీలోడ్ చాలదు, పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి.

ఇంకా కుదరకపోతే లాగ్ ఇక్కడే పెట్టండి, ఐపీలు, మెయిల్ ఐడీలు చెరిపేసి. కలిసి చూద్దాం.