పేరొకటే, బూజులు ఎన్నో

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మా అరటి తోటలకు పనామా తెగులు పట్టిందని మీ జిల్లా పేజీలో రాశారు. సంతోషం. పక్కన వేసిన ఫొటో మాత్రం సిగటోకా ఆకుమచ్చ అనే వేరే తెగులుది. పనామాలో ఆకుల మీద మచ్చలుండవు. ముదురాకులు అంచుల నుంచి పసుపెక్కి, మొదట్లో విరిగి, కాండం చుట్టూ లంగా కట్టినట్టు వేలాడతాయి. దుంప కోస్తే లోపల ఎర్రగోధుమ చారలు. నిరుడు మా అమృతపాణిలో నలభై చెట్లు ఇలాగే పోయాయి లెండి, ఇది పుస్తకం చూసి చెబుతున్నది కాదు.

"రైతులు అప్రమత్తంగా ఉండాలి" అని అధికారి అన్నారట. దేనికి అప్రమత్తం? పేరొకటే గానీ పనామా తెగులు తెచ్చే ఈ ఫ్యూజేరియం బూజులో 20కి పైగా జన్యు వర్గాలున్నాయి. 1950ల నాటికి మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అనే అరటి రకం తోటల్ని ఊడ్చేసింది ఈ బూజులో రేస్ 1 అనే రకం. మా అమృతపాణిని చంపేదీ అదే. దాన్ని తట్టుకుంటుందనే కదా కావెండిష్‌ని తెచ్చారు? ఆ కావెండిష్‌ని చంపే టీఆర్4 (ట్రాపికల్ రేస్ 4) అనే బూజు రకం బీహార్‌లో కటిహార్, పూర్ణియా దాకా వచ్చేసింది. తమిళనాడులోనైతే రేస్ 1లోనే ఒక వర్గం కావెండిష్‌ని కూడా పట్టింది. మరి మా మట్టిలో ఉన్నది ఏది? అది తేల్చకుండా "అమృతపాణి మానేసి జీ9 వేసుకోండి" అంటే ఎలాగండీ? జీ9 కూడా కావెండిష్ రకమే కదా.

నేను దుంప ముక్క పాలిథిన్ కవర్లో కట్టి ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చాను. మూడోసారి అడిగితే "ఏ కవరు?" అన్నారు. చేతిలో కరపత్రం పెట్టారు, కార్బెండజిమ్ అనే బూజు మందు పొయ్యమని. మట్టిలో 20-30 ఏళ్లు బతికే బూజుకి ఒక బకెట్ మందు! ఆ కరపత్రమూ ఒడియాలో ఉంది. నాకు చదవడం వచ్చు, మా కూలీలకు ఎవరు చదివి చెబుతారు? సరిహద్దుకు అటువైపు ఆంధ్రా ఆఫీసుకు వెళ్తే "మీ భూమి ఒడిశాలో కదా" అంటారు. ఆంధ్రాలోని పాతపట్నం నుంచి ఆటోలో వచ్చే పిలకల్ని మాత్రం ఎవరూ ఆపి అడగరు. ఆ వేళ్లకంటిన మట్టిలోనే కదా అసలు సరుకు వచ్చేది.

ఒకప్పుడు గ్రామసేవకుడు సైకిలేసుకుని తోటలోకి వచ్చేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పెట్టమంటున్నారు. ఫొటో చూసి ఏ రేసో చెప్పగలిగితే తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం దేనికి? అక్కడికి పది ముక్కలు పంపించడానికి ఎంత ఖర్చవుతుంది? సబ్సిడీ మొక్కల పంపిణీ రోజు కట్టిన ఫ్లెక్సీ కంటే తక్కువే అవుతుంది.

దయచేసి ఫొటోకి సవరణ వేయండి. మా పక్క రైతు దాన్ని కత్తిరించి పంపుసెట్టు గది గోడకి అంటించాడు. తన ఆకుల మీద మచ్చల్లేవు గనక తెగులు లేదని నిశ్చింతగా ఉన్నాడు.

— ఒక అరటి రైతు, పర్లాకిమిడి, గజపతి జిల్లా