రేడియో మళ్ళీ మాట్లాడిందిరోయ్

రేయ్ మామా,

ఎలా ఉన్నావురా? నీ మెసేజ్‌కి రిప్లై ఇవ్వలేదని తిట్టుకుంటూ ఉంటావ్, తెలుసు. మూడు వారాలుగా నా టేబుల్ మీద ఆ కారు రేడియో డబ్బా విప్పి పడుంది, మా ఆవిడైతే "కారు కొన్నావా రేడియో కొన్నావా" అని రోజూ ఒకసారి అడుగుతోంది. నువ్వేమో సింపుల్‌గా అది పీకేసి బ్లూటూత్ సెట్ పెట్టెయ్ అన్నావ్. అరే, 1955 బండి డాష్‌బోర్డులో నీలం లైట్లు వెలుగుతుంటే పంచెకట్టు మీద స్పోర్ట్స్ షూ వేసినట్టు ఉండదూ? అందుకే మొండికేశా. ఇప్పుడది పాడుతోంది, కానీ ఇక్కడిదాకా రావడానికి నేను చేసిన తెలివితక్కువ పనులు విను.

మొదట్లో స్విచ్ వేస్తే డయల్ లైటు వెలిగేది, అంతే, ఇంకేం చప్పుడు లేదు. ఇవి వాల్వు రేడియోలు కదా, అంటే ట్రాన్సిస్టర్ల బదులు బల్బుల్లాంటి గాజు గొట్టాలు, ఆ వాల్వులకి 200 వోల్టులకి పైనే కావాలి, బ్యాటరీ ఇచ్చేది 12. డీసీని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తే లాభం లేదు, అందుకని వైబ్రేటర్ అని ఒక చిన్న రేకు డబ్బా పెట్టారు, లోపల ఒక సన్నని స్ప్రింగు రేకు సెకనుకి నూటికి పైగా సార్లు అటూ ఇటూ కొట్టుకుంటూ కరెంటుని తెంపుతూ కలుపుతూ ఉంటుంది. స్విచ్ వెయ్యగానే తుమ్మెద ఝుంకారంలా వినపడాలి. అది వినపడలేదంటే పాయింట్లు, అంటే ఆ రేకు వచ్చి తగిలే మొనలు, తుప్పు పట్టాయన్నమాట. ఒకవేళ పాయింట్లు అతుక్కుపోతే ఇంకో రకం, ఫ్యూజ్ టప్పున పోతుంది. (తమాషా ఏంటంటే అదే 1955లో క్రైస్లర్ వాళ్ళు ఫిల్కోతో కలిసి మొత్తం ట్రాన్సిస్టర్లతోనే కారు రేడియో తెచ్చేశారు, ఈ ఝుంకారం గోలే లేదు. మన బండి ఇంకాస్త ఆలస్యంగా పుట్టుంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.)

సరే, నేనేం చేశాను, కొత్త వైబ్రేటర్ తెప్పించి గుచ్చేశా. రేడియో గురగురమని లేచింది, నాకు పిచ్చి ఆనందం, నీకు ఫోన్ చేసింది ఆ రోజే. మూడో రోజుకి కొత్తది కూడా చచ్చింది! అప్పుడు గానీ బుర్ర వెలగలేదు. తప్పు వైబ్రేటర్‌ది కాదురా, దాని వెనకాల ఉన్న బఫర్ కండెన్సర్‌ది. పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుతన్ను తంతుంది, ఆ తన్నుని మింగేది ఈ చిన్న కండెన్సరే. అది లీక్ అయితే పాయింట్ల మీద నిప్పురవ్వలు, కరెంటు ఎక్కువ లాగడం, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ కాలినా కాలొచ్చు. పైగా మల్టీమీటర్ పెడితే శుభ్రంగా ఉన్నట్టే చూపించింది దొంగది! మీటరు ఇచ్చే వోల్టేజీ ఎంతని, దాని బండారం బయటపడేది వందల వోల్టులు పడ్డప్పుడే కదా. అందుకే ఈ ఒక్కదాన్ని టెస్ట్ చెయ్యకు, కళ్ళు మూసుకుని మార్చెయ్. కానీ విలువ మాత్రం మార్చకూడదు, నా దాంట్లో 0.007 మైక్రోఫరాడ్, అదే విలువలో 1600 వోల్టుల ఫిల్మ్ రకం వేశా. ఎక్కువ వేస్తే ఇంకా బాగుంటుందేమో అనుకోకు, అది ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి లెక్కగట్టి పెట్టిన విలువ.

మైనపు కాగితం కండెన్సర్లన్నీ కూడా పీకేశా, మైనం కారి చాసిస్ అంతా జిడ్డు. వాటిలో ఒకటి స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (వాల్వు లోపల కరెంటుని అదుపు చేసే జాలీకి) వెళ్ళేది, అది లీకై గ్రిడ్ మీద ప్లస్ వోల్టేజీ వచ్చి కూర్చుంది. ఉండకూడదు కదా! గొంతు బొంగురుపోయింది, వాల్వు పొయ్యిలా కాలుతోంది అంటే అదే. ఫిల్టర్ ఎలక్ట్రోలిటిక్‌లూ (కరెంటులో హెచ్చుతగ్గుల్ని సాపు చేసే పెద్ద కండెన్సర్లు) మార్చేశా, పాత డబ్బా మాత్రం అలాగే ఉంచి కొత్తవి కిందవైపు దాచా, పైనుంచి చూస్తే కంపెనీ సరుకే. అన్నట్టు, ఆపేశాక కూడా ఆ కండెన్సర్లలో ఛార్జి ఉంటుంది, నాకు భుజం దాకా ఝల్లుమంది, ఇప్పుడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకునే పని చేస్తున్నా. కారు బ్యాటరీకి ఎప్పుడూ నేరుగా తగిలించకురా, తేడా వస్తే అది వైర్లు కరిగేదాకా ఇస్తూనే ఉంటుంది. ఆంపియర్ మీటరు ఉన్న బెంచ్ సప్లై (టేబుల్ మీద పెట్టుకునే కరెంటు డబ్బా) వాడు, నాది 3 ఆంపియర్ల దగ్గర నిలబడింది, హమ్మయ్య అనుకున్నా.

ఇంతా చేసి కార్లో బిగిస్తే స్టేషన్లు నూతిలోంచి వినపడ్డట్టు! మళ్ళీ విప్పాలేమోనని ఏడుపొచ్చింది. చూస్తే యాంటెన్నా కేబుల్, నాకన్నా ముందు ఎవడో మహానుభావుడు మామూలు టీవీ కేబుల్ వేసి పోయాడు. ఈ ఏఎం సెట్లలో యాంటెన్నా, దాని కేబులూ కూడా ట్యూనింగ్‌లో భాగమే, అందుకని తక్కువ కెపాసిటెన్స్ (కండెన్సర్‌లా ఛార్జిని పట్టుకునే గుణం) ఉన్న కారు కేబులే కావాలి. అది మార్చి, 1400 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనంగా వచ్చే స్టేషన్ ఒకటి పట్టుకుని, యాంటెన్నాని రేడియోకి సరిపోల్చే ట్రిమ్మర్ స్క్రూని అలా అలా తిప్పితే ఒక్కచోట గొంతు పైకి లేచింది చూడూ, ఆ క్షణం కోసమే రా ఇదంతా.

ఇంజన్ స్టార్ట్ చేస్తే ఇప్పటికీ యాక్సిలరేటర్‌తో పాటు కుయ్యిమనే ఈల పెరుగుతోంది, జనరేటర్ కండెన్సర్ మార్చాలి. పుష్ బటన్లలో నాలుగు బాగున్నాయి, లాగి స్టేషన్ పెట్టి లోపలికి నొక్కితే గుర్తుంచుకుంటున్నాయి, ఐదోది మాత్రం ఎక్కడ పెట్టినా డయల్ చివరికే పోతోంది. నీ దగ్గర సన్న మూతి ప్లయర్ ఉంది కదా, ఈసారి వచ్చేటప్పుడు అది తీసుకురా, ఆ బటన్ వెనక స్క్రూ నా వేళ్ళకి అందట్లేదు.

నీ
మొండోడు