పరామర్శకు వచ్చేవారు నడవమని కూడా చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

మరణం జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చేవారు ఎంతో ప్రేమతో అనే మాట ఒకటుంది: "నువ్వు కదలకు, కూర్చో, పనులు మేము చూసుకుంటాం." మొదటి పది రోజులు ఆ మాట అవసరమే. అదే నెలల తరబడి సాగితే మనిషి ఏమవుతుందో అనుభవించిన దానిగా ఈ లేఖ రాస్తున్నాను.

నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని, వయసు 61. ఉద్దానంలో ఎన్నో ఇళ్లను కుదిపేసిన మూత్రపిండాల జబ్బే నా భర్తకూ వచ్చింది. సోంపేట మండలంలోని మా ఊరి నుంచి ఆయనను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకువెళ్లడం, ప్రతిసారీ నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చోవడం, తిరిగి ఇంటికి చేర్చుకోవడం, ఇలా మూడేళ్లు గడిచాయి. ఆయనకు ఉప్పు తగ్గించి, తాగే నీళ్లు కొలిచి, కూరగాయలు ఉడికించిన నీరు వార్చేసి జాగ్రత్తగా వండిపెట్టిన నేను, చాలా రోజులు టీ, బిస్కెట్లతోనే మధ్యాహ్నం దాటించేశాను. ఆయన పోయాక శ్రీకాకుళంలో అబ్బాయి దగ్గరికి వచ్చి, తొమ్మిది నెలలు దాదాపు గది దాటలేదు.

ఒకరోజు చాప మీద నుంచి లేవబోతే, రెండు చేతులూ నేలకు ఆనించినా లేవలేకపోయాను. మనవరాలు పట్టుకుని లేపింది. మోకాళ్లు అరిగిపోయాయనుకుని వైద్యుని దగ్గరికి వెళ్తే, తగిన తిండి, కదలిక లేక తొడ కండరాలు క్షీణించాయని, ఆ భారమంతా మోకాళ్ల మీద పడుతోందని చెప్పారు. చీటీలో మందుల కంటే ముందు ఆయన రాసింది, చేతులు ఆనించకుండా కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం, పూటకు ఐదుసార్లు. మొదటి వారం మూడోసారికే కాళ్లు వణికేవి. నెల తిరిగేసరికి పదిసార్లు లేవగలిగాను. ఉదయం చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు పెంచుకున్నాను. ఆ తరువాత వీధి చివరి వరకు నడక మొదలుపెట్టాను.

"సంవత్సరీకమైనా కాలేదు, అప్పుడే షికార్లా?" అన్న మాట మూడో రోజే చెవిన పడింది. ఆ మాటకు కుంగిపోయి వారం రోజులు మళ్లీ ఇంట్లోనే ఉండిపోయాను. మా కోడలు "నేనూ వస్తాను, పదండి అత్తయ్యా" అని చెప్పులు తెచ్చి ముందు పెట్టి ఉండకపోతే నా నడక అక్కడితో ఆగిపోయేది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఆరోగ్యం కోసం గంటసేపు బయట తిరగడం పోయినవారి పట్ల అగౌరవం ఎలా అవుతుందో పెద్దలు ఆలోచించాలని వేడుకుంటున్నాను.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు ఇరవై నిమిషాల పైచిలుకు మాత్రమే. అంతకూడా చేయలేనివారు ఎంతో కొంత చేసినా మేలేనని ఆ సంస్థే చెబుతోంది. అయితే వాహనాల మధ్య, గుంతల రోడ్ల మీద, కాళ్లలో బలం లేని మనిషి ఎక్కడ నడవాలి? ఊసవానిపేటలో సాధన మొదలుపెట్టి, 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి జిల్లా ఇది. ఇక్కడ ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల మైదానాలను ఉదయం ఏడు వరకు, సాయంత్రం బడి వదిలాక ఎనిమిది వరకు తెరిచి ఉంచి, నాలుగు దీపాలు, కూర్చోవడానికి రెండు అరుగులు, స్త్రీలకు మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను.

మరొక విన్నపం డయాలసిస్ కేంద్రాలను నిర్వహించేవారికి. లోపల రోగికి చికిత్స జరుగుతున్న ఆ నాలుగు గంటలూ బయట భార్యలు, తల్లులు, కూతుళ్లు కూర్చునే ఉంటారు. వారిలో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయేమో వారానికి ఒకసారి చూసి, కుర్చీలో నుంచి లేచి కూర్చునే ఆ చిన్న వ్యాయామాన్ని నర్సమ్మలు పది నిమిషాలు దగ్గరుండి చేయిస్తే చాలు. నాకు మూడేళ్ల తరువాత తెలిసిన సంగతి ఇప్పుడు ఆ బెంచీల మీద ఉన్నవారికి ఈ వారమే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
శ్రీకాకుళం