జీఎస్టీ నంబర్లు రెండైనా కంపెనీ ఒక్కటే

సంపాదకులు గారికి నమస్కారం.

నేను బరంపురంలో జీడిపప్పు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. మార్చి నెలాఖరు దగ్గరపడుతోంది. ఏప్రిల్ 1 నుంచి కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారదామని మా చుట్టుపక్కల చాలామంది వ్యాపారులు అనుకుంటున్నారు. విదేశంలో చిన్న కంపెనీ తెరిచినవాళ్లకైతే ఆ అవసరం మరీ ఎక్కువ. వాళ్లు కాగితాల మీద సంతకం పెట్టేలోపు మాకు జరిగింది తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఫ్యాక్టరీ ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉంది. గోడౌన్ ఆంధ్రలో, శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర ఉంది. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ లారీ గంటలో చేరిపోతుంది. దుబాయి కొనుగోలుదార్లకు సరుకు అమ్మడానికి మా కంపెనీయే అక్కడ ఇంకో కంపెనీ పెట్టింది. అంటే చట్టం లెక్కలో మావి రెండే కంపెనీలు, ఇక్కడొకటి, దుబాయిలో ఒకటి.

రెండేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన కన్సల్టెంట్లు వాటిని మూడు చేశారు. ఒడిశాకి ఒక లీగల్ ఎంటిటీ, ఆంధ్రకి ఒక లీగల్ ఎంటిటీ. దుబాయి కంపెనీని అసలు వేరే టెనెంట్‌లోనే పెట్టేశారు. ఎందుకని అడిగితే, జీఎస్టీ నంబర్లు రెండున్నాయి కదా, దుబాయి వేరే దేశం కదా అన్నారు. ఆ మీటింగుకి నన్ను పిలవలేదు. సంగతి నాకు తెలిసేసరికి పని సగం అయిపోయింది.

టెనెంట్ అంటే మా సావుకారు గారు అద్దెకుండేవాళ్లనుకున్నారు. మాట అక్కడినుంచి వచ్చిందే. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల పెద్ద భవనంలో మనం తీసుకున్న వాటా టెనెంట్. మన లాగిన్‌లు, మన డేటా అంతా ఆ వాటాలోనే ఉంటాయి. ఆ వాటాలో ఒక్కో కంపెనీకి వేసుకునే ఒక్కో గది లీగల్ ఎంటిటీ. ఒక్కో గదికి దాని కరెన్సీ, దాని లెక్కల సంవత్సరం, దాని బిల్లుల వరస నంబర్లు ఉంటాయి. ఖాతాల పట్టిక మాత్రం అన్ని గదులకీ ఒకటే పెట్టుకోవచ్చు. ఒక వాటాలో ఎన్ని గదులైనా వేసుకోవచ్చు. ఇంత సులువైన సంగతిని మాకు ఒక్కరూ ఇలా విడమరిచి చెప్పలేదు.

నేను చేసిన పని ఒకటే. మా రెండు జీఎస్టీ సర్టిఫికెట్లు టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఒడిశాకి 21, ఆంధ్రకి 37. వాటినీ, చివరి మూడింటినీ స్కేలుతో కప్పేశాను. మిగిలిన పది అక్షరాలు రెండింట్లోనూ ఒక్కటే, అది మా కంపెనీ పాన్. ఒక పాన్, ఒక ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, ఒక బ్యాలెన్స్ షీట్. అలాంటప్పుడు గదులు రెండెందుకు?

ఆ కన్సల్టెంట్ల పొరపాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. 2017 జూలై 1కి ముందు మేం గోడౌన్‌కి సరుకు పంపితే అది అమ్మకం కాదు. సొంత బ్రాంచికే పంపామని చూపించే ఎఫ్ ఫారం తెప్పించుకుంటే, రాష్ట్రం దాటిన అమ్మకం మీద వేసే సీఎస్టీ పన్ను ఉండేది కాదు. సరిహద్దులో గిరిసోల చెక్‌గేటు దగ్గర లారీ ఆగితే కాగితాల కోసం ఫోన్లు నాకే వచ్చేవి. జీఎస్టీ వచ్చాక వేరే రాష్ట్రంలో ఉన్న మన సొంత బ్రాంచినే పన్ను కోసం వేరే వ్యక్తిగా చూస్తున్నారు. సరుకు పంపినా బిల్లు వేసి, రాష్ట్రం దాటే సరుకు మీద పడే ఐజీఎస్టీ కట్టాలి. అవతల కట్టాల్సిన పన్నులో అది క్రెడిట్‌గా తగ్గుతుంది. కానీ వేరే వ్యక్తి అన్నది జీఎస్టీ వరకే. కంపెనీ చట్టానికీ, ఇన్‌కమ్ ట్యాక్స్‌కీ ఆ లెక్క వర్తించదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయినప్పుడు మా తాతగారి ఇల్లు ఇటు, పొలం అటు పడ్డాయి. శిస్తు రెండుచోట్ల కట్టారు. అంతమాత్రాన ఇంటి యజమానులు ఇద్దరు కాలేదు.

ఒక్క బిల్లు చూపిస్తాను. 320 గ్రేడు పప్పు 100 టిన్నులు గోడౌన్‌కి పంపాం. టిన్నుకి 11.34 కిలోల చొప్పున 1,134 కిలోలు. మాకు పడిన ఖర్చు కిలోకి 700 రూపాయలు, బిల్లు వేసింది 740కి. అవతల పూర్తి క్రెడిట్ వస్తుంది కాబట్టి బిల్లులో వేసిన ధరని జీఎస్టీ ఒప్పుకుంటుంది. అక్కడ తప్పు లేదు. కానీ ఆంధ్ర వేరే కంపెనీ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాం కదా, అది ఒడిశా లెక్కలో 45,360 రూపాయల లాభం వేసేసింది. సరుకు మా గోడౌన్‌లోనే ఉంది, ఒక్క టిన్నూ అమ్ముడుపోలేదు. ఇలాంటివి ఏడాదంతా పేరుకున్నాయి. పోయిన ఏడాది మార్చిలో ఆడిటర్ గారు వాటన్నిటినీ ఒక్కొక్కటిగా రివర్స్ చేయించారు. ఆ నెల నేను రాత్రి పదింటికి ముందు ఇంటికెళ్లిన రోజు లేదు. చివరికి బ్యాలెన్స్ షీట్ కలిసింది ఎక్సెల్‌లోనే.

దుబాయి సంగతి దీనికి తలకిందులు. దానికి వేరే గది కావాల్సిందే. దాని కరెన్సీ దిర్హామ్, లెక్కల సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. 2018 నుంచి అక్కడ 5 శాతం వ్యాట్ ఉంది. 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సంవత్సరాలకి, 3,75,000 దిర్హామ్‌లు దాటిన లాభం మీద 9 శాతం కార్పొరేట్ ట్యాక్స్ కూడా వచ్చింది. మేం దుబాయికి అమ్మే ధర బయటివాళ్లకి అమ్మినట్టే ఉండాలి, లేకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్‌వాళ్లు అడుగుతారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం రెండు కంపెనీల లెక్కలూ కలిపి కూడా చూపించాలి. గది వేరుగా ఉండటం న్యాయమే. వాటాయే వేరుగా తీసుకోవడం దేనికి?

ఒకే వాటాలో ఉంటే నేనిక్కడ అమ్మకం బిల్లు వేయగానే అక్కడ కొనుగోలు దానంతటదే పడేలా పెట్టుకోవచ్చు. ఇప్పుడు అక్కడి కుర్రాడు అదే బిల్లుని మళ్లీ టైప్ చేస్తున్నాడు. పోయిన ఏడాది మార్చి 30న నేను వేసిన బిల్లు వాళ్ల దగ్గర ఏప్రిల్ 2న ఎక్కింది. కలిపి చూస్తే మాకు రావాల్సిన బాకీ, వాళ్లు ఇవ్వాల్సిన బాకీ టాలీ కాలేదు. డాలర్ రేటు ఇద్దరం విడివిడిగా ఎక్కించుకుంటున్నాం. ఒకే కొనుగోలుదారు పేరు రెండు స్పెల్లింగుల్లో ఉంది. ఆ వారం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

వేరే టెనెంట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. బయటివాళ్లతో కలిసి సగం సగం పెట్టుబడితో పెట్టిన కంపెనీ అయినా, త్వరలో అమ్మేయబోయే కంపెనీ అయినా, డేటా తమ దేశంలోనే ఉండాలని గట్టిగా అడిగే చైనా లాంటి చోటైనా అది సబబే. మా దుబాయి కంపెనీ వీటిలో ఏదీ కాదు.

ఇప్పుడు సరిచేసుకుంటున్నాం. ఒకసారి ఎంట్రీలు పడ్డాక లీగల్ ఎంటిటీని తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం కుదరదు. లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఏ ఎంట్రీ ఎవరు, ఎప్పుడు మార్చారో సాఫ్ట్‌వేర్‌లో జాడ ఉండి తీరాలి. అందుకని ఆంధ్ర గదిని చూసుకోవడానికి మాత్రం ఉంచి, దాని బ్యాలెన్సులన్నీ ఏప్రిల్ 1న ఓపెనింగ్ కింద ఒడిశా గదిలోకి తెస్తున్నాం. ఆంధ్ర జీఎస్టీ నంబరు ఇకమీదట గోడౌన్ చిరునామాకి తగిలించి ఉంటుంది. మొదటిరోజే చేయాల్సిన పని అది. దుబాయిని మా టెనెంట్‌లోకి తేవడానికి అడిగిన ఖర్చు విని సావుకారు గారు ఇంకో ఏడాది ఆగుదామన్నారు.

వ్యాపారులకు నేను చెప్పేది ఒకటే. డెమో చూసే రోజున మీ అకౌంటెంటునీ, ఆడిటర్‌నీ పక్కన కూర్చోబెట్టుకోండి. మ్యాపు చూసి గదులు లెక్కపెట్టకండి. కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు ఎన్నున్నాయో చూసి లెక్కపెట్టండి.

మీకూ ఒక మనవి. మా ఊళ్లో అకౌంట్స్ పని చేసేవాళ్లలో చాలామందిమి తెలుగు పేపరే చదువుతాం, ఆఫీసర్లతో ఒడియాలో మాట్లాడతాం, సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంగ్లీషులో నడుపుతాం. బిజినెస్ పేజీలో షేర్ల ధరల పక్కన వారానికి ఒక్కసారైనా ఇలాంటివి తెలుగులో వేయండి. ఏప్రిల్ 1 లోపు మొదటిది వస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక అకౌంటెంట్,
బరంపురం, గంజాం జిల్లా