రియాక్టర్ బిగించడంలో చెయ్యి వేసిన వాళ్లందరికీ

మా ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియం కింద, సంప్ (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడే కింది తొట్టి) పక్కన, మీడియా రియాక్టర్ (ఆల్గేను పెంచే ఫాస్ఫేట్‌ను పట్టే గుళికలు నింపి, వాటి గుండా నీళ్లు పంపే డబ్బా) చుక్క కారకుండా నడుస్తోంది. అద్దం తుడిచిన మర్నాటికే మళ్లీ పట్టే ఆల్గే కూడా నెమ్మదించింది. "అందరికీ థ్యాంక్స్" అని ఒక్క ముక్కతో సరిపెడితే బాగోదు కాబట్టి, ఎవరు ఏం చేశారో రాస్తున్నాను.

మొదట నా డ్రాయింగ్ చూసిన అన్నయ్యకు. రియాక్టర్‌కు వేరే చిన్న పంపు పెట్టాలా, సంప్ నీళ్లను ట్యాంకులోకి పైకి తోసే రిటర్న్ లైనుకే టీ (మూడు దారుల జాయింటు) వేసి నీళ్లు తీసుకోవాలా అని అడిగితే, "పైకెళ్లే ధార కొంచెం తగ్గినా నీకు పర్వాలేదా? ముందు అది చెప్పు" అన్నారు. పంపుకు ఆ సత్తువ ఉందని లెక్క చూశాకే టీ వేయమన్నారు. ఇంకో పంపు, దాని వేడి, దాని వైరు అన్నీ తప్పాయి.

రియాక్టర్ ధారను తగ్గించే వాల్వ్ ఎటు పెట్టాలన్న దగ్గర మాత్రం పెద్ద వాదనే నడిచింది. లోపలికి వచ్చే వైపు పెడితే పంపు ఒత్తిడంతా రియాక్టర్ మీద పడదు, మూత దగ్గరి ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) బతికిపోతుందని అన్నయ్య మాట. బయటికి వెళ్లే వైపు పెడితే గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటుంది, గాలి చిక్కుకోదని ఇంకో మిత్రుడి మాట. రెండింట్లోనూ న్యాయం ఉంది. కారితే తడిసేది మా ఇంటి నేల కాబట్టి నేను అన్నయ్య వైపు మొగ్గాను. లోపలి వైపు గేట్ వాల్వ్ వేశాం. దాంతో ధారను వెంట్రుకవాసి కూడా మార్చుకోవచ్చు. బయటి వైపున్న బాల్ వాల్వ్ మీడియా మార్చేటప్పుడు మూయడానికే. మూసేటప్పుడు ముందు లోపలిది, తెరిచేటప్పుడు ముందు బయటిది. ఈ వరస తప్పితే ఒత్తిడంతా రియాక్టర్ మీదే పడుతుందని పదేపదే చెప్పిన ఆ మిత్రుడికి ప్రత్యేకంగా దండాలు.

ఇక మా ప్లంబర్ బాబాయి. అక్వేరియం పని ఎన్నడూ చేయలేదట. "నీళ్లు ఎవరివైతే ఏంటి, జాయింటు జాయింటే" అంటూ కూర్చున్నారు. కోసిన ప్రతి పైపు అంచునూ బ్లేడుతో గీకి, లోపలా బయటా వేలితో తడిమి చూశారు. సిమెంట్ రాసి, పైపును దూర్చి, పావు వంతు తిప్పి, వెనక్కి తన్నకుండా కాసేపు అలాగే పట్టుకున్నారు. రియాక్టర్ ప్లాస్టిక్ మరల దగ్గర రెంచి తీయనివ్వలేదు. టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తోనే బిగించమన్నారు. అతిగా బిగిస్తే అది పగులుతుంది. రెండు వైపులా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించుకునే జాయింట్లు) పెట్టించింది కూడా ఆయనే. వాటి విలువ రియాక్టర్‌ను విప్పి కడిగే రోజున తెలుస్తుంది.

మీడియా సంగతి అక్క చూసుకుంది. ఫాస్ఫేట్ పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికల్ని తేటనీళ్లు వచ్చేదాకా కడిగించి, రియాక్టర్‌లోంచి వచ్చిన మొదటి ఎర్రనీళ్లను సంప్‌లోకి పోనివ్వకుండా బకెట్‌లో పట్టించింది. డబ్బా మీద రాసినదాంట్లో సగమే వేయమంది. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవట. ధార ఎంత ఉండాలో ఫోన్‌లో వీడియో చూస్తూనే సరిచేయించింది: గుళికల పైపొర మెల్లగా కదలాలి, అంతే. మరీ గిరగిరా తిరిగితే ఒకదాన్నొకటి రాసుకుని పొడైపోతాయి. కదలకుండా పడుంటే గడ్డకడతాయి.

చివర్లో "ఒకసారి పంపు స్విచ్ ఆపి చూడండి" అన్న పక్కింటి తమ్ముడికి కూడా. పైనుంచి వెనక్కి దిగే నీళ్లు సంప్ అంచు దాటలేదు. టెన్షన్ తీరింది.

బాబాయ్, మీ పైపు కట్టర్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆదివారం తెచ్చిస్తాను.