జీఎన్ఎం పూర్తయింది, ఈ వందనాలు మీ అందరికీ

అందరికీ వందనాలు. జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే మూడేళ్ల నర్సింగ్ కోర్సు, ఆఖరి పరీక్షల ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది. గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా డ్యూటీకి వెళుతున్నాను. చాలామంది ఫోన్ చేసి సంతోషం తెలిపారు. ఇద్దరు పిల్లల తల్లివి, ఇల్లు చూసుకుంటూ ఎలా చదివావని అడిగారు. దేవుడి దయ అని చెప్పాను. అది నిజమే. కానీ ఆ దయ ఎవరెవరి చేతుల మీదుగా నా ఇంటికి వచ్చిందో చెప్పకుండా ఊరుకోవడం నాకు సరిగా అనిపించలేదు. ఈ మూడేళ్లలో నేను చదువుకున్న ప్రతి గంటా ఇంకొకరు తమ పని ఆపుకుని, నిద్ర మానుకుని నాకు ఇచ్చినదే.

ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి. నర్సు కావాలని చిన్నప్పుడు అనుకునేదాన్నని పెళ్లయిన కొత్తలో మాటల మధ్యలో ఆమెతో అన్నాను. పిల్లలు పుట్టాక ఆ కోరికను పక్కన పెట్టేశాను. ఆమె మాత్రం గుర్తు పెట్టుకున్నారు. చిన్నది అంగన్‌వాడీకి వెళ్లడం మొదలుపెట్టిన ఏడాది, "ముప్పై అయిదు దాటితే ఇక చేర్చుకోరటగా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చదువుతావమ్మా?" అని ఆమే అడిగారు. మా వీధిలో ఉండే ఆశా కార్యకర్త దగ్గర అన్నీ కనుక్కుని వచ్చారు. ఇంటర్ ఏ గ్రూపు చదివినా జీఎన్ఎంకు అర్హత ఉంటుందని నాకు తెలిసింది కూడా ఆమె చెబితేనే. నాది సీఈసీ. సైన్సు చదవని దాన్ని కదా అని ఎన్నేళ్లుగానో ఆశ వదులుకుని ఉన్నాను.

మొదటి ఏడాది ఫీజుకు అత్తయ్య డ్వాక్రా గ్రూపులో అప్పు తీశారు. కోడలి చదువు కోసం అప్పు తీసిన మనిషి ఆ గ్రూపులో అంతకు ముందు లేరు. అయినా అందరూ ఒప్పుకుని సంతకాలు చేశారు. వాళ్లందరికీ ఇక్కడే నమస్కరిస్తున్నాను. కిస్తీలు పాల డబ్బులతో కట్టారు. బంధువుల్లో కొందరు పిల్లల్ని వదిలేసి చదువేమిటని అన్నప్పుడు, "వాళ్లు నా మనవలు కారా?" అని ఒక్క మాటతో ఆపేశారు. ఆ తర్వాత ఎవరూ ఆమె ఎదుట ఆ ఊసెత్తలేదు.

ఉదయం డ్యూటీ ఉన్న రోజుల్లో తొలి బస్సుకు బయలుదేరేదాన్ని. నేను లేచేసరికి యూనిఫాం గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కుర్చీ మీద వేసి ఉండేది. తెల్లబట్టకు ఎంత గంజి పెట్టాలో, ఎప్పుడు మడత వేయాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఇప్పటికీ నమ్ముతాను. రక్తపోటు చూడటం నేర్చుకునేటప్పుడు నాకు చెయ్యి ఇచ్చిందీ ఆమే. రోజూ సాయంత్రం పట్టీ కట్టించుకుని ఓపిగ్గా కూర్చునేవారు. అలా చూస్తుండగా వరుసగా కొన్ని రోజులు పైసంఖ్య 160 దగ్గర, కిందిది 100 దగ్గర కనిపించింది. 140, 90 దాటితేనే ఆలోచించాలని పాఠంలో చదివి ఉన్నాను కదా, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటి నుంచి మాత్ర వేసుకుంటున్నారు, ఇప్పుడు అదుపులో ఉంది. ఆమెకు తల నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఏమీ లేవు. తెలియకుండా ఎన్నాళ్లు ఉండిపోయేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఏ లక్షణమూ లేకపోయినా నలభై దాటిన వారంతా ఒకసారి చూపించుకోండి.

అత్తయ్యకు నర్సులంటే ఇంత అభిమానం ఎందుకో తర్వాత తెలిసింది. ఆమె పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా సారా కుగ్లర్ ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేస్తూ నెలకొల్పిన ఆసుపత్రి అది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. అత్తయ్య తల్లికి పురుడు పోసిన నర్సమ్మ బిడ్డను చేతికిచ్చే ముందు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసిందట. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. ప్రసూతి వార్డులో నా చేతుల్లోకి మొదటి బిడ్డ వచ్చినప్పుడు పైకి మాట్లాడే వీలు లేదు. ఒళ్లు తుడవాలి, ఏడుపు, రంగు, శ్వాస, గుండె వేగం చూడాలి, ఒకటో నిమిషంలో, అయిదో నిమిషంలో అప్గార్ స్కోరు, అంటే పుట్టిన బిడ్డ స్థితికి ఇచ్చే మార్కులు, వేయాలి. ఆ పని చేస్తూనే మనసులో ప్రార్థన చేసుకున్నాను. ఆ రాత్రి నుంచి అది అలవాటయింది.

మా ఆయన మిర్చి యార్డులో హమాలీ. సీజనులో పొద్దంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసి, ఒళ్లంతా కారం ఘాటుతో ఇంటికి వచ్చేవారు. స్నానం చేసి, పిల్లలకు అన్నం పెట్టి, నేను బస్సు దిగే వేళకు సెంటరులో నిలబడేవారు. వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు వంటగది మొత్తం తనే చూసుకున్నారు. సెకన్ల ముల్లున్న వాచీ కావాలని అన్న మర్నాడే కొని తెచ్చారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇంకా రాస్తే ఇబ్బంది పడతారు కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

ఇక నా స్నేహితురాలు. పేరు రాయవద్దని తనే కోరింది. నాకన్నా వయసులో చాలా చిన్నది, బైపీసీ చదివి వచ్చింది. ముస్లింల అమ్మాయి. మొదటి రోజు బెంచీలో పక్కన కూర్చుని "అక్కా" అని పిలిచింది, అంతే, మూడేళ్లూ ఆ పక్క చోటు మారలేదు. నేను తెలుగు మీడియంలో చదివాను. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేసరికి మొదటి నెలల్లో ఏమీ తోచలేదు. తను హాస్టల్లో రాత్రి చదువుకునేటప్పుడు పాఠాన్ని పైకి చదివి, ఒక్కొక్క పేరా దగ్గర ఆగి తెలుగులో వివరించి, రికార్డు చేసి ఫోనుకు పంపేది. నేను తెల్లవారుజామున పొయ్యి దగ్గర వినేదాన్ని, బస్సులో మళ్లీ వినేదాన్ని. గుండె నాలుగు గదుల్లో రక్తం ఏ దారిన వెళ్లి ఏ దారిన వస్తుందో నాకు ఆ గొంతుతోనే గుర్తుంది.

సెలైను లెక్క నేర్పిందీ తనే. 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటల్లో ఎక్కాలి. సెలైను ఎక్కించే గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. మొత్తం 10,000 చుక్కలు, 240 నిమిషాలు, అంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. సూత్రం బట్టీ పట్టి పరీక్షలో రాయవచ్చు. తను అందుకు ఒప్పుకోలేదు. ల్యాబులో స్టాండుకు సీసా తగిలించి, కింద బేసిను పెట్టి, గొట్టానికున్న చక్రం నా చేత తిప్పించి, వాచీ చూస్తూ నిలబడేది. పదిహేను సెకన్లలో పదో పదకొండో చుక్కలు పడే వరకు వదిలేది కాదు. "గుండె జబ్బున్న పెద్దావిడకు ఇది గబగబా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది అక్కా, కాగితం మీద వస్తే చాలదు" అనేది. ఇప్పుడు వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు నా చూపు ఆ చుక్కల మీదికే పోతుంది.

ఆదివారం ఉదయం డ్యూటీ పడితే నేను ఆరాధనకు వెళ్లలేనని తెలిసి, వీలైనప్పుడల్లా ఇన్‌చార్జి సిస్టరును అడిగి డ్యూటీ మార్చుకునేది. క్రిస్మస్ రాత్రి నా బదులు తను ఉంది. రంజాన్ నెలలో సాయంత్రం డ్యూటీలు పడినప్పుడు, ఉపవాసం విడిచే వేళకు తన మంచాలు కూడా నేను చూసేదాన్ని. అత్తయ్య నా సంచీలో ఖర్జూరాలు, కోసిన పండ్లు పెట్టి పంపేవారు. నమాజుకు తను ఒక మూల నిలబడితే నేను తలుపు దగ్గర ఉండేదాన్ని. మా ఇద్దరి విశ్వాసాలు వేరు. ఒకరి ప్రార్థన వేళను ఒకరం కాపాడుకున్నాం. అందువల్ల నా విశ్వాసం ఇంకా గట్టిపడిందనే నా అనుభవం.

రెండో ఏడాది పరీక్షల ముందు మా చిన్నదానికి డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆ ఏడాదికి పరీక్షలు మానేస్తానని అత్తయ్యతో చెప్పేశాను. అత్తయ్య ఏమీ అనకుండా మా చర్చి సంఘంలో పాస్టరమ్మగారికి ఫోన్ చేశారు. ఆ సాయంత్రానికే స్త్రీల సమాజం వాళ్లు వచ్చి, ఎవరు ఏ పూట ఉండాలో తమలో తాము పంచుకున్నారు. ఒకరు మా ఇంట్లో పెద్దవాణ్ణి బడికి పంపారు, ఒకరు గేదెకు మేత వేశారు, ఒకరు క్యారియర్ కట్టి తెచ్చారు. పనికి పోతేనే పూట గడిచేవాళ్లు అందులో ఉన్నారు. పని మానుకుని మంచం పక్కన కూర్చున్నారు. కూలి పోయిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఆ వారం గృహ ప్రార్థన కూడా ఆసుపత్రి మెట్ల దగ్గర, నలుగురూ గొంతు తగ్గించి చేసుకున్నారు.

డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే ప్రమాదమని నేనూ నా స్నేహితురాలూ చదువుకుని ఉన్నాం. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, ఇవి కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవాలి. ఆ రెండు రాత్రులూ నా స్నేహితురాలే పాప దగ్గర ఉంది. పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసి, ఒక వైపు తాగిన నీళ్లు, ఓఆర్ఎస్, రెండో వైపు మూత్రం ఎన్నిసార్లు, ఎంత అన్నది గంటతో సహా రాసింది. మర్నాడు తనకూ పరీక్షే. ఆ కాగితం చూసి డాక్టరు గారు ఇది ఏ నర్సు రాసిందని అడిగారు. నేను హాలులో కూర్చుని పరీక్ష రాశాను. పాప కోలుకుంది. ఆ కాగితం నా బైబిలులో పెట్టుకున్నాను.

మా వార్డు ఇన్‌చార్జి సిస్టరుకు, పాఠం చెప్పిన మేడములకు, తమ నొప్పిలోనూ "నేర్చుకో తల్లీ" అని చెయ్యి చాచిన రోగులకు కూడా నా వందనాలు. నరం దొరకక నేను తడబడుతుంటే ధైర్యం చెప్పిన ఒక తాత ముఖం నాకు బాగా గుర్తుంది.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంట్లో కృతజ్ఞత కూడిక, ఆపైన భోజనాలు. స్త్రీల సమాజం వాళ్లు, డ్వాక్రా గ్రూపు వాళ్లు కుటుంబాలతో తప్పక రావాలి. ఆ పూట గిన్నె ముట్టుకోవడానికి మీకు వీలు లేదని అత్తయ్య మరీ మరీ చెప్పమన్నారు. నా స్నేహితురాలు, వాళ్ల అమ్మగారు కూడా వస్తున్నారు.

మరొక మాట. నా మూడేళ్ల పుస్తకాలు, తెలుగులో రాసుకున్న నోట్సు, తను పంపిన రికార్డింగులు అన్నీ భద్రంగా ఉన్నాయి. మన ఊళ్లో గానీ, చుట్టుపక్కల గానీ ఇంటర్ పూర్తి చేసి, ముప్పై అయిదు దాటకుండా, నర్సింగ్ చదవాలని ఉన్న ఆడపిల్లలు, కోడళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికి రండి. పుస్తకాలు ఇస్తాను. దరఖాస్తు నింపడానికి, లెక్కలు నేర్పడానికి నాకు సెలవున్న రోజు కూర్చుంటాను. పిల్లల్ని వెంట తీసుకుని రండి, అత్తయ్య చూసుకుంటారు.